ధాన్యం బస్తా వెనక లక్ష లీటర్లు

ఏప్రిల్‌లో దాళ్వా కోతలు మొదలయ్యాయంటే మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం రోడ్ల పక్కన ఎక్కడ చూసినా ధాన్యం రాశులే. టార్పాలిన్ల మీద ఆరబోసిన గింజల్ని మధ్యాహ్నపు ఎండలో ఆడవాళ్లు కాళ్లతో తిరగేస్తుంటారు. తేమ 17 శాతానికి దిగిందో లేదో మీటరు పెట్టి చూస్తారు. నూక ఎంత పడుతుంది, బస్తాకు రేటెంత, తరుగు ఎంత తీస్తారు, ఇవన్నీ కల్లంలోనే తేలిపోతాయి. ఆ బస్తా ఎన్ని నీళ్లు తాగిందన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

వేసి చూస్తే ఆ లెక్క సులువే. గోదావరి జిల్లాల్లో దిగుబడిని 75 కిలోల బస్తాల్లో చెబుతారు. ఎకరానికి 40 బస్తాలు పండిందనుకుందాం. దమ్ము నుంచి కోతకు ముందు మడి ఆరగట్టే దాకా చేలోకి వదిలిన నీరంతా ఒక్కసారే నిలబెడితే మీటరు లోతు వస్తుందనుకుందాం. వరికి ఇది ఎక్కువ చెప్పినట్టు కాదు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి నీరు 40 లక్షల 47 వేల లీటర్లు. బస్తాకు లక్ష లీటర్లు. పెళ్లిళ్లకు తెప్పించే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే ఇరవై. ఆ బస్తా మర ఆడిస్తే 50 కిలోల బియ్యం వస్తాయి గనక, కిలో బియ్యానికి రెండు వేల లీటర్లు.

ఒక వస్తువు మన చేతికి వచ్చేలోపు నేల నుంచి, నీటి నుంచి, గాలి నుంచి ఏం తీసుకుంది, వాటిలోకి ఏం వదిలింది అని ఇలా వెనక్కి నడిచి లెక్కకట్టడాన్నే పాదముద్ర అంటున్నారు. కెనడాలో విలియం రీస్, ఆయన శిష్యుడు మథిస్ వాకర్నాగెల్ 1990లలో దీన్ని భూమి లెక్కగా మొదలుపెట్టారు. ఒక మనిషి తిండికి, కట్టెకు, అతను వదిలే పొగను పీల్చుకోవడానికి ఎన్ని హెక్టార్ల నేల కావాలన్నది వాళ్ల ప్రశ్న. లండన్‌లో టోనీ అలన్ అప్పటికే ధాన్యం దిగుమతి అంటే నీటి దిగుమతేనని చెబుతున్నారు. నెదర్లాండ్స్‌లో, అదీ డెల్టా దేశమే, ఆర్యెన్ హూక్‌స్ట్రా 2002లో నీటి పాదముద్ర అనే కొలతను ముందుకు తెచ్చారు. కర్బన పాదముద్ర వీటన్నిటికన్నా ఎక్కువ ప్రచారానికి వచ్చింది. ఇప్పుడు ఎగుమతిదారుల నుంచి సిమెంటు కంపెనీల దాకా అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు.

ఈ కొలతలు గోదావరి డెల్టాకు ఎంతవరకు పనికొస్తాయన్నది పరీక్షించదగిన విషయం. వరి, రొయ్య, చేప, కొబ్బరి, కాగితం, సహజవాయువు అన్నీ పక్కపక్కనే ఉన్న ప్రాంతం ఇది. ఇక్కడి నుంచి బియ్యం దేశమంతా వెళుతుంది, రొయ్య సముద్రాలు దాటుతుంది. వాటి పాదముద్ర మాత్రం ఇక్కడే, ఈ బోదెల్లో, డ్రెయిన్లలో, చెరువు గట్ల మీద మిగులుతుంది.

హూక్‌స్ట్రా నీటికి మూడు రంగులిచ్చారు. వాన పడి నేలలో ఇంకి పైరు తాగేది ఆకుపచ్చ నీరు. కాలువ నుంచో బోరు నుంచో తెచ్చి పెట్టేది నీలి నీరు. ఎరువు, మందు కలిసిన మురుగును హాని లేని స్థాయికి పలచన చేయడానికి కావలసింది బూడిద నీరు. ఆయన బృందం కట్టిన ప్రపంచ సగటు ప్రకారం మూడూ కలిపి కిలో బియ్యానికి సుమారు 2,500 లీటర్లు. అందులో మూడింట రెండు వంతులు వాన నీరే.

డెల్టా రైతుకు ఈ రంగుల భాష కొత్తదైనా విషయం పాతదే. సార్వా అంటే వాన, వరద, కాలువ కలిసిన పంట. దాళ్వా అంటే పూర్తిగా కాలువ పంట. ఒకే చేలో, ఒకే రైతు, ఒకే బస్తా. అయినా రెండు పంటల నీటి పాదముద్రలు ఒకటి కావు. ఏడాది సగటు తీసి ఒకే అంకె చెప్పే నివేదికలు ఈ తేడాను మింగేస్తున్నాయి. ఇక్కడ అసలు ముఖ్యమైనదే ఆ తేడా.

2022 జులై వరదల్లో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వేగం ఒక్క రోజు నిలిస్తే సముద్రంలోకి పోయే నీరు 216 టీఎంసీలు. పై లెక్క ప్రకారం ఎకరాకు మీటరు లోతు చొప్పున ఒక టీఎంసీ ఏడు వేల ఎకరాలకు వస్తుంది. అంటే ఆ ఒక్క రోజు నీటితో 15 లక్షల ఎకరాల దాళ్వా పండుతుంది. డెల్టా ఆయకట్టు మొత్తం పది లక్షల ఎకరాలకు కాస్త అటూఇటూ. అలాంటి జులైలో ఒక లీటరు ఆదా చేస్తే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. మార్చి నాటికి అదే ధవళేశ్వరంలో సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూడాలి. కాలువలకు వంతులు పెడతారు. శివారు ఊళ్లలో రైతులు రాత్రిళ్లు తూముల దగ్గర కాపు కాస్తారు. మార్చి లీటరును, జులై లీటరును ఒకే గడిలో రాసి కూడితే వచ్చే మొత్తం ఎంత పెద్దదైనా దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ఆ నీరు చేలోకి ఎలా చేరిందన్నది మరో సంగతి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర నాలుగు పాయలను కట్టింది. దాని స్థానంలో 1982లో 175 గేట్ల బ్యారేజీ వచ్చింది. అప్పుడూ ఇప్పుడూ నీటిని నడిపించేది నేల వాలే. లాకు ఎత్తితే చాలు, మోటారు అక్కర్లేదు. ఇదే గోదావరి మీద ఎగువన 2019లో ప్రారంభించిన కాళేశ్వరం పథకం మేడిగడ్డ దగ్గర 100 మీటర్ల మట్టంలో ఉన్న నీటిని అంచెలంచెలుగా 600 మీటర్లకు పైగా ఎత్తడానికి కట్టింది. ఆ నీటితో పండిన బస్తాకు, ధవళేశ్వరం నీటితో పండిన బస్తాకు నీటి పాదముద్ర ఒక్కటే రావచ్చు. కరెంటు లెక్కలో వాటికి పోలికే లేదు. పంజాబ్‌లో అదే బస్తా కోసం బోరు ఇంకో అడుగు లోతుకు దిగుతుంది. మే వేడిలో నాట్లు వేయకుండా ఆపడానికి ఆ రాష్ట్రం 2009లో భూగర్భజల పరిరక్షణకు ప్రత్యేకంగా చట్టమే చేసుకోవాల్సి వచ్చింది. బియ్యం సంచి మీద "2,500 లీటర్లు" అని ముద్రిస్తే ఈ మూడు కథల్లో ఏది చదివినట్టు?

నీటి పాదముద్ర నిపుణుల మధ్య ఇది పాత తగాదాయే. లీటర్లు చాలు, మిగతాది చదివేవాళ్లు తేల్చుకుంటారని హూక్‌స్ట్రా వర్గం అంది. ఎక్కడి లీటరో, అక్కడ నీటి కొరత ఎంతో కలిపి తూకం వేయాలని రెండో వర్గం పట్టుబట్టింది. 2014లో వచ్చిన ఐఎస్ఓ 14046 ప్రమాణం రెండో వైపుకే మొగ్గింది. గోదావరి ఒడ్డున నిలబడి చూస్తే మొగ్గాల్సింది అటే.

ఇంతకీ పైన వేసిన లక్ష లీటర్ల లెక్కలో సరిదిద్దాల్సింది ఒకటుంది. చేలోకి వదిలిన నీరంతా ఖర్చయినట్టు కాదు. పైరు ఆవిరిగా వదిలింది, మడి మీంచి ఎండకు ఎగిరింది పోయినట్టే. ఇంకినది మాత్రం కింది పొలం బోదెలోకో, డ్రెయిన్‌లోకో, ఊరి చెరువు ఊటలోకో చేరుతుంది. పై రైతు వదిలిన నీటితో కింది రైతు పంట తీస్తాడు. కచ్చితమైన పాదముద్ర లెక్కలో ఆవిరైనదే ఖర్చు. అలా చూస్తే లక్ష లీటర్లలో పెద్ద భాగమే కొట్టివేయాలి. కానీ ఆ తిరిగి వచ్చిన నీరు వెళ్లేటప్పుడు ఉన్నట్టు తిరిగి రాదు. మూడో రంగు పని అక్కడ మొదలవుతుంది.

ఎకరానికి 60 కిలోల నత్రజని వేశారనుకుందాం. పాదముద్ర లెక్కల్లో సాధారణంగా అందులో పదో వంతు నీటిలో కలిసిపోతుందని పట్టుకుంటారు. అంటే ఆరు కిలోలు. లీటరుకు 10 మిల్లీగ్రాముల హద్దు దాటకుండా ఆ ఆరు కిలోలను పలచన చేయాలంటే ఆరు లక్షల లీటర్లు కావాలి. ఇది మడిలో పెట్టిన నీరు కాదు, డ్రెయిన్‌లో ఉండాల్సిన నీరు. దాళ్వా చివర్లో డ్రెయిన్‌లో అంత మంచినీరు ఎక్కడుంటుంది? యనమదుర్రు, నక్కల, గొంతేరు, తుల్యభాగ, వీటిలో వేసవిలో పారేది పొలాల మురుగు, ఊళ్ల మురుగు, చెరువుల మురుగు. గుర్రపుడెక్క కింద నీరే కనబడదు. డ్రెయిన్ల బాగుకని రైతుల దగ్గర సెస్సు వసూలు చేయడానికి 1968లోనే కృష్ణా, గోదావరి డెల్టాల కోసం చట్టం చేశారు. బూడిద నీటి పేరు అప్పటికి ఎవరికీ తెలియకపోయినా, మురుగుకు కూడా ఖర్చుందని, అది పండించినవాళ్లూ ప్రభుత్వమూ పంచుకోవాలని ఆనాడే ఒప్పుకున్నారన్నమాట.

ఈ మురుగులో కొంత కొల్లేరుకు చేరుతుంది. రెండు డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఆ సరస్సు వచ్చిన వరదను పట్టి, మెల్లగా ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి వదిలేది. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అప్పటికే సరస్సు గర్భం చేపల చెరువుల గళ్లుగా మారిపోయింది. 2006లో ప్రభుత్వం గట్లు కొట్టించింది. కొల్లేరు చేప కిలోకి పాదముద్ర కడితే మేత, కరెంటు, నీరు అన్నీ వస్తాయి. సరస్సు వరద పట్టే శక్తి ఎంత తగ్గింది, ఆటపాకలో గూడబాతులకు చోటెంత మిగిలింది అన్నవి మాత్రం ఏ గడిలోనూ పడవు.

కర్బనం సంగతి కాస్త వేరు. నిలవ నీటిలో, గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ చేస్తాయి. వరి కాడలు గొట్టాల్లా దాన్ని పైకి వదులుతాయి. వందేళ్ల లెక్కలో మీథేన్ వేడి బొగ్గుపులుసు వాయువు కన్నా 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లకు పైగా. మోటారు లేని కాలువ వరి కరెంటులో ఆదా చేసింది మీథేన్‌లో కొంత పోగొట్టుకుంటుంది. మడిని మధ్యమధ్య ఆరబెట్టి మళ్లీ తడిపితే మీథేన్ బాగా తగ్గుతుందని ఎన్నో దేశాల ప్రయోగాలు చెబుతున్నాయి. బోరు కింద రైతుకు ఇది చేతిలో పని. డెల్టాలో నీరు రైతు చేతిలో ఉండదు. పై మడి నుంచి కింది మడికి గట్టు దాటి వచ్చే చోట, వంతు నీరు ఎప్పుడొస్తుందో తెలియని చోట, ఆరగట్టమని చెప్పడం తేలిక, చేయడం కష్టం. మళ్లీ తడపాల్సిన రోజుకు కాలువలో నీరు లేకపోతే నెర్రెలిచ్చిన మడి బాధ్యత ఎవరిది? 2003 ప్రాంతంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆలపాటి సత్యనారాయణ చొరవతో, తక్కువ నీటితో వరి పండించే శ్రీ సాగు రాష్ట్రమంతా ప్రచారమైంది. డెల్టా బంకమట్టి మడుల్లో అది నిలదొక్కుకోలేదు. ఇక్కడ నిజంగా పాదముద్రను తగ్గించినవాటిలో విత్తనం ఒకటి. పెనుమంట్ర మండలం మార్టేరులోని వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ పంటకాలం అయిదు నెలలు. అదే కేంద్రం తర్వాత ఇచ్చిన ఎంటీయూ 1010 నాలుగు నెలల్లో కోతకొస్తుంది. దాని పేరు కాటన్‌దొర సన్నాలు. నెల తగ్గితే నెల నీరు, నెల మీథేన్ తగ్గినట్టే. కూలి భారం వల్ల ఇప్పుడు వెదజల్లే పద్ధతి పెరుగుతోంది. దమ్ము, నారుమడి నీరు అందులో కొంత కలిసొస్తుంది. పాదముద్ర అన్న మాట ఎవరూ వాడకుండానే ఈ మార్పులు వచ్చాయి.

అసలు పరీక్ష రొయ్యల దగ్గర వస్తుంది.

భీమవరం చుట్టుపక్కల రాత్రి పది దాటాక వెళితే చెరువులన్నీ ఒకే హోరు. నల్లటి నీటి మీద తెల్లటి నురగ లేపుతూ ఏరేటర్లు తిరుగుతుంటాయి. గట్టు మీద రేకుల షెడ్డులో కాపలా మనిషి. కరెంటు పోయిన మరుక్షణం జనరేటర్ పడాలి. తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతే చెరువు చెరువే పోతుంది. వెనామీ రకాన్ని వాణిజ్యంగా పెంచడానికి 2009లో అనుమతి వచ్చాక ఇది డెల్టా రూపురేఖల్నే మార్చేసింది. ఇక్కడి రైతు పుస్తకంలో ఒక పాదముద్ర లెక్క ఎప్పటి నుంచో ఉంది. దాన్ని ఎఫ్‌సీఆర్ అంటారు. కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పోయిందన్నది. కిలోంబావు దగ్గర ఆగితే మంచి పంట, కిలోన్నర దాటితే గుండె గుబేలు. చదువు రాని రైతు కూడా ఈ అంకెను రోజూ చూసుకుంటాడు, ఎందుకంటే అది నేరుగా అతని జేబుకు తగులుతుంది. యూనిట్ రూపాయిన్నరకు వచ్చే కరెంటు అంతగా తగలదు. డ్రెయిన్‌లోకి వదిలిన నీరు అసలు తగలదు. ఖర్చు ఎవరికి తగిలితే వాళ్లే లెక్క రాస్తారు. పక్కన వరి చేను చౌడు తేలితే ఆ లెక్క ఎవరు రాస్తారు? కాపాడుకోలేక ఆ చేను కూడా చెరువుకు లీజుకిచ్చేస్తే కాగితం మీద నష్టమే కనబడదు.

ఈ ప్రశ్న ఒకసారి దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది. ఆ కేసులో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరాల రొయ్యల సాగుకు లాభనష్టాలు బేరీజు వేసింది. పాడైన నేల, తాగునీరు, పోయిన కూలి అన్నీ డబ్బులోకి మార్చి చూసింది. రొయ్యల అమ్మకంతో వచ్చే రాబడి కన్నా జరిగే హాని ఎక్కువని తేల్చింది. తెలుగు నేలకు సంబంధించి ఒక పాదముద్ర లాంటి లెక్క చట్టాన్ని కదిలించిన అరుదైన సందర్భం అది. తీరప్రాంత నియంత్రణ పరిధిలోని చెరువులు తొలగించాలని కోర్టు చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి ఆ చెరువులకు మళ్లీ దారి తెరిచింది. ఆ తర్వాత అంత పెద్ద ఎత్తున, అన్ని ఖర్చులూ ఒకే చోట పెట్టి చూసిన లెక్క మళ్లీ బయటికి రాలేదు. రావాలి. వెనామీ కాలం నాటి చెరువు, 1996 నాటి చెరువు ఒకటి కావు.

2016లో భీమవరం దగ్గర తుందుర్రు, జొన్నలగరువు, కంసాల బేతపూడి ఊళ్లు రొయ్యల శుద్ధి పరిశ్రమ వద్దని రోడ్డెక్కాయి. ఆడవాళ్లే ముందు నిలిచారు. గొంతేరు డ్రెయిన్ ఏమవుతుందన్నదే వాళ్ల ప్రశ్న. 144 సెక్షన్, అరెస్టులు అన్నీ చూశారు. మురుగును గొట్టం వేసి సముద్రంలోకి పంపుతామన్న మాట కూడా వచ్చింది. గొట్టం వేస్తే పాదముద్ర తగ్గదు, పాదం ఇంకో చోట పడుతుంది, అంతే. ఈసారి వేట మీద బతికేవాళ్ల మీద. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య ధర కౌంటుకు ఎంత పడిందో గంటగంటకూ వార్త అయింది. ఏ ఊరి డ్రెయిన్‌లో ఉప్పు ఎంత పెరిగిందో ఆ ఊరు దాటి బయటికి రాదు.

ప్రపంచ సగటుల ప్రమాదం ఇక్కడే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆగ్నేయాసియాలో మడ అడవులు కొట్టి తవ్విన చెరువుల లెక్కను బట్టి రొయ్యకు భారీ కర్బన పాదముద్ర అంటగడతారు. గోదావరి డెల్టాలో చెరువుల్లో ఎక్కువ భాగం వరి చేలను తవ్వినవి. మడ అడవి నష్టం కూడా జరిగింది, 1978 నుంచి అభయారణ్యంగా ఉన్న కోరింగ వల్ల కొంత మిగిలింది. కాబట్టి ఇక్కడి రొయ్య దోషం కర్బనం కన్నా ఉప్పులో, మురుగులో, తిండిగింజల నేల తగ్గడంలో ఎక్కువ. తప్పు కొలత పట్టుకుంటే అసలు దోషం తప్పించుకుంటుంది.

సహజవాయువు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. కోనసీమ కొబ్బరి ఆకుల మీద మసి పేరుకుంది. కర్బన పాదముద్ర నియమాల ప్రకారం వాయువును కాల్చిన చోటే ఎక్కువ భాగం లెక్కకు వస్తుంది, తీసిన చోట కాదు. అందుకే కోనసీమ పద్దులో దాని వాటా చిన్నదిగానే కనిపిస్తుంది.

ఇక ఏ పాదముద్రకూ అందని పదార్థం ఒకటుంది. మట్టి. ఈ డెల్టా అంతా గోదావరి మోసుకొచ్చిన ఒండ్రే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం గోదావరి 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాత అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువ జలాశయాల్లో మట్టి ఆగిపోతోంది. తీరం వెనక్కి జరుగుతోంది. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన మరో బృందం కుంగుతున్న డెల్టాల వరుసలో గోదావరినీ చేర్చింది. ఎగువన ఒక జలాశయం కింద పండిన పత్తి కిలోకి నీరెంతో చెప్పగలం. ఆ జలాశయం ఆపేసిన మట్టి వల్ల అంతర్వేది దగ్గర ఎన్ని గజాల నేల పోయిందో చెప్పే గడి ఏ పట్టికలోనూ లేదు. ఇటుక బట్టీలకు తవ్వేసిన ఒండ్రు, కడియం నర్సరీల నుంచి వేరు చుట్టూ మట్టి గడ్డతో దేశమంతా వెళ్లే లక్షల మొక్కలు, ఇవీ మట్టి ఎగుమతులే.

రీస్, వాకర్నాగెల్ మొదలుపెట్టిన భూమి లెక్కలో ఇంకో చిక్కు. సాగునేల ఎంత ఎక్కువ పండిస్తే అంత సామర్థ్యం ఉన్నట్టు ఆ పద్ధతి రాస్తుంది. మూడో పంట కూడా తీస్తే ఇంకా మంచిదన్నట్టు వస్తుంది. నేల అలిసిపోయిందన్న సంగతి అందులో కనపడే వీలే లేదు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అల్లవరం, ఉప్పలగుప్తం వైపు వేల ఎకరాలు నాట్లు లేకుండా ఖాళీగా ఉండిపోయాయి. గిట్టని ధర, దొరకని కూలి, పూడిపోయిన డ్రెయిన్లు కారణాలని చెప్పారు. ప్రభుత్వం మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. ఆ సీజన్‌లో ఆ చేల నీటి పాదముద్ర, మీథేన్, ఎరువుల మురుగు అన్నీ దాదాపు సున్నా. పాదముద్ర పట్టిక ప్రకారం అది కోనసీమకు అత్యుత్తమ సంవత్సరం. ఆ ఊళ్లలో అప్పులు, వలసలు, బీడు గట్ల మీద తలపట్టుకు కూర్చున్న కౌలు రైతులు చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు.

అయినా ఈ కొలతల్ని పక్కన పెట్టేయాలనడం సరికాదు. లెక్కే లేని చోట బలవంతుడి మాటే లెక్క. కావలసింది ఊరికి, ఋతువుకు కట్టిన లెక్క. దానికి తగిన చోటు డెల్టాలో ఇప్పటికే ఉంది. ఏటా దాళ్వాకు ముందు జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశమవుతుంది. ఇంజినీర్లు ధవళేశ్వరం దగ్గర సహజ ప్రవాహం ఎంత రావచ్చు, సీలేరు నుంచి ఎన్ని టీఎంసీలు వస్తాయి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ఎన్ని ఎకరాలకు ఇవ్వగలం అని కాగితాలు పెడతారు. రైతు నాయకులు శివారు భూముల కోసం గొంతు చించుకుంటారు. ఎమ్మెల్యేలు తమ కాలువ కోసం పట్టుబడతారు. సాయంత్రానికి ఎకరాలు, తేదీలు ఖరారవుతాయి. ఆ కాగితంలో టీఎంసీల గడి, ఎకరాల గడి ఉంటాయి. వాటి పక్కన కిందటేడు మార్చిలో యనమదుర్రు, గొంతేరు, నక్కల డ్రెయిన్లలో ఉప్పు ఎంత, నత్రజని ఎంత అని ఇంకో గడి గీయడానికి కావలసింది ప్రతి డ్రెయిన్ చివర ఒక మనిషి, ఒక మీటరు, వారానికో సీసా నీరు.